ప్రధానోపాధ్యాయుల పొత్తు: అంతర్జాల సాధనములతో సహాభ్యసనము

ఒక పాఠశాలలో ఉపాధ్యాయులు పదిమంది యుండవచ్చును, ఇరువదిమంది యుండవచ్చును. ప్రధానోపాధ్యాయుడు మాత్రము ఒక్కడే. గణితము బోధించువానికి ఒక లెక్కను పిల్లలకు ఎట్లు చెప్పవలెనో తోచనిచో ప్రక్కగదిలోని వానిని అడుగును. ప్రధానోపాధ్యాయునకు అట్టి ప్రక్కగది లేదు. తన సందేహమును క్రిందివారితో చెప్పినచో చులకన యగుదునేమో యని వెనుదీయును. పైవారితో చెప్పినచో అసమర్థునిగా ఎంచబడుదునేమో యని జంకును. కావున ఆ సందేహము తఱచుగా మనసులోనే యుండిపోవును. ఏండ్ల తరబడి పనిచేసి, ఎన్నియో చిక్కులను తమంతట తాము విప్పుకొని, విప్పిన తీరును ఎవ్వరికిని చెప్పకయే పదవీ విరమణ చేసినవారు మన జిల్లాలన్నిటను కలరు. తరువాత వచ్చినవారు అదే చిక్కును మొదటినుండి విప్పుకొనవలసినదే.

ఈ ఒంటరితనమును పోగొట్టుటకు అంతర్జాల సాధనములు ఎంతవఱకు తోడ్పడుచున్నవి యనునది ఈ వ్యాసమున మేము విచారింపబూనిన విషయము. మెదకు పట్టణమును మా నిలుకడగా తీసికొంటిమి. మేము చెప్పదలచినది ఒక్కటే. సాధనములు వచ్చినవి, గుంపులు ఏర్పడినవి. కాని యవి యెక్కువగా ఉత్తరువులను మోయు కాలువలైనవేగాని ఒకరివలన ఒకరు నేర్చుకొను చోటులు కాలేదు. అట్లు కావలెనన్నచో మార్చవలసినది సాధనమును కాదు. అందు జరుగు సంభాషణ స్వభావమును, దాని భాషను, దాని జ్ఞాపకమును.

ముందుగా మాటను గూర్చి. ఈ విషయమునకు ఆంగ్లమున ప్రొఫెషనల్ లెర్నింగ్ నెట్‌వర్క్ అని పేరు. తెలుగున దీనికి స్థిరపడిన మాట లేదు. నెట్‌వర్కునకు ‘జాలము’ అను మాట అంతర్జాలము మూలమున వాడుకలోనికి వచ్చినది గాని, జాలమునకు వల యనియే గాక మాయ యనియు అర్థము కలదు. ఇంద్రజాలమునందు ఉన్నది ఆ మాటయే. వలలో పడినది వెలికి రాలేదు. మనము చెప్పుకొను సంబంధమున ఎవరును ఎవరికిని చిక్కరు; ఎవరి బడి వారిదే, ఎవరి బాధ్యత వారిదే, అనుభవము మాత్రము ఉమ్మడి. దీనికి తెలుగున ‘పొత్తు’ అను పాతమాట చాలునని మా యభిప్రాయము. పొత్తు సేద్యమనగా నలుగురు కూడి చేయు సేద్యము. పొత్తున కుడుచుట యనగా కలిసి భుజించుట. మెతుకు సీమ యని పేరుగన్న ప్రాంతమును గూర్చి వ్రాయుచు, కలిసి కుడుచుటను చెప్పు మాటను ఎన్నుకొనుటలో మాకు కొంత చాపల్యము లేకపోలేదు. ఐనను ‘వృత్తిపర అభ్యసన జాలకము’ వంటి అనువాదములకంటె ఇది నోటికి అందునని నమ్ముచున్నాము.

మెదకును ఎన్నుకొనుటకు కారణము కలదు. చాలకాలము జిల్లా పేరు మెదకే యైనను జిల్లా కార్యాలయములు సంగారెడ్డిలో నుండెడివి. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగిన పిమ్మటనే మెదకు పట్టణము తన పేరిటి జిల్లాకు కేంద్రమైనది. రైలు సౌకర్యము ఇంకను ఆలస్యముగా, 2022లో, అక్కన్నపేట మీదుగా వచ్చినది. ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చు జిల్లా విద్యాశిక్షణ సంస్థ మాత్రము మెదకు ప్రక్కనే హవేలి ఘన్‌పూరులో నుండినది. అనగా ఆజ్ఞ వచ్చుచోటు దూరమునను, విద్య వచ్చుచోటు దగ్గఱను ఉండిన పట్టణమిది. ఈ రెండింటికిని నడుమ గల భేదమే మా వ్యాసమునకు ప్రధానమగుటవలన ఈ యూరు మాకు అనువైన ఉదాహరణముగా తోచినది.

అంతర్జాలము రాకముందు ఇట్టి పొత్తు లేకుండెనని తలపరాదు. పూర్వపు మెదకు జిల్లాలోని జోగిపేటలో 1930లో ఆంధ్రమహాసభ తొలి సమావేశము సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగినది. నిజాము రాజ్యమునందలి తెలుగువారు విద్యను, గ్రంథాలయములను, మాతృభాషను గూర్చి కూడి ఆలోచించిన వేదిక అది. ఆ ప్రతాపరెడ్డిగారే 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. తెలంగాణమున తెలుగు కవులు లేరను మాటకు బదులుగా ఆ పత్రిక పక్షమున 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు చోటుచేసికొనిరి. ఊరూర ఒంటరిగా నున్నవారిని అచ్చుపత్రికయు, అంచెటపాలయు ఒక్కచోట చేర్చినవి. ఆ సంచికను గూర్చి సాహిత్య విద్యార్థులకు మేము క్రొత్తగా చెప్పవలసినది లేదు. ఒక్క అంశమును మాత్రము గుర్తింపుడని కోరుచున్నాము: కవులు అంతకుముందును ఉండిరి. లేనిది వారిని అడుగువాడును, వచ్చినదానిని కూర్చువాడును. ఈ మాట మరల ఉపయోగపడును.

పాఠశాలల వ్యవస్థలోను ఇట్టి యత్నములు జరిగినవి. 1952–53 నాటి మొదలియారు సంఘము మాధ్యమిక విద్యను పరిశీలించుచున్న కాలముననే, 1953లో సిమ్లా సమీపమున తారాదేవిలో ప్రధానోపాధ్యాయుల గోష్ఠి జరిగినది. 1964–66 నాటి కొఠారి సంఘము ఉన్నత పాఠశాల చుట్టునున్న చిన్న పాఠశాలలను ఒక సముదాయముగా కూర్చవలెనని సూచించినది. ఒంటరిగా నడచు బడుల నడుమ రాకపోకలు కల్పించుట దాని ఆశయము. మనవారు దీనిని స్కూలు కాంప్లెక్సు అనియే పిలుచుచున్నారు. 2020 నాటి జాతీయ విద్యావిధానము ఆ సముదాయమును మరల ముందునకు తెచ్చినది. అంతేగాక ప్రతి ఉపాధ్యాయుడును, ప్రతి ప్రధానోపాధ్యాయుడును ఏటేట 50 గంటలకు తక్కువగాక వృత్తిపరముగా నేర్చుకొనుచుండవలెనని చెప్పినది. ఆశయము అరువదేండ్లనాటిది, సాధనము మాత్రము నేటిది.

ఇక సాధనములను చూతము. పేరులు పెక్కులైనను స్వభావమునుబట్టి అవి మూడు తెగలు. మొదటిది, ఒకచోటనుండి అందఱకు వినిపించునది. 2002లో మన టీవీగా ఆరంభమై, తెలంగాణమున 2017 నుండి టి-శాట్ అను పేర నడచుచున్న ఉపగ్రహ ప్రసారము ఈ తెగది. రెండవది, ఒక్కొక్కరు ఒంటరిగా చదువుకొనునది. 2017 సెప్టెంబరులో ఆరంభమైన దీక్షా వేదికయు, దానిమీద 2020 అక్టోబరు నుండి అంతర్జాలమున నడచిన నిష్ఠా శిక్షణయు ఇట్టివి. ప్రాథమిక స్థాయికి ఉద్దేశింపబడిన ఆ 18 పాఠ్యభాగములలో పాఠశాల నాయకత్వమును గూర్చినది యొకటి. మూడవది, మనిషికి మనిషి ఎదురై మాటలాడుకొనునది: వాట్సాప్, టెలిగ్రామ్ గుంపులు, గూగుల్ మీట్, జూమ్ సమావేశములు.

ఈ మూడింటిలో పొత్తునకు పనికివచ్చునది మూడవది మాత్రమే. తక్కినవి పనికిరానివని మేము చెప్పుట లేదు. ప్రసారము వలన సమాచారము అందును. పాఠ్యభాగము వలన భావనలు తెలియును. కాని దృశ్యమును నడవనిచ్చి, చివరి ప్రశ్నలకు జవాబులు నొక్కి, ధ్రువపత్రమును దింపుకొనుటతో ముగియు చదువులో ఎదుటిమనిషి లేడు. 1991లో జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ అనువారు లైబీరియా దర్జీలు మున్నగువారిని పరిశీలించి, పని నేర్చుట యనగా పని తెలిసినవారి నడుమ మెల్లమెల్లగా చోటు సంపాదించుకొనుటయే యని చెప్పిరి. దర్జీ కుర్రవాడు మొదట బొత్తాములు కుట్టును, తరువాత కత్తెర పట్టును. ఎల్లప్పుడును ఎదుట ఒక పెద్ద కూర్చుండి యుండును. మన ప్రధానోపాధ్యాయునకు అట్టి ప్రవేశము లేదు. నిన్నటివఱకు తరగతిలో పాఠము చెప్పిన వ్యక్తి, పదోన్నతి వచ్చిన మఱునాడు జమాఖర్చులు, మధ్యాహ్న భోజనము, భవనపు మరమ్మతు, తల్లిదండ్రుల ఫిర్యాదు, సహోద్యోగుల అలక – అన్నిటిని ఒక్కమాఱుగా నెత్తికెత్తుకొనవలసియున్నది.

ఈ మూడవ తెగ సాధనములు మనయొద్ద వేరూనినది మహమ్మారి కాలమున. 2020 మార్చిలో బడులు మూతపడినవి. తెలంగాణమున ఆ సంవత్సరము సెప్టెంబరు 1 నుండి దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ ద్వారా పాఠములు ప్రసారమైనవి. ఏ పిల్లవానికి టీవీ కలదు, ఎవరింట ఫోను కలదు, అభ్యాసపత్రములు ఎవరికి చేరినవి యను లెక్కలన్నియు ఫోను గుంపులలోనే నడచినవి. అంతకుముందు ఫోనును మాటలకు మాత్రమే వాడిన పెద్దవారును గుంపులో చేరక తప్పలేదు. బడులు తెఱచిన పిమ్మటను గుంపులు అట్లే నిలిచినవి. 2016లో 256 మందికి పరిమితమైన వాట్సాప్ గుంపు 2022 నాటికి 1024 మందిని పట్టగలదైనది. పెద్దదగుట మేలని సామాన్యముగా తలతురు. మేము అట్లు తలపము.

ఒక గుంపులో ఏమి జరుగునో చూడుడు. పైకార్యాలయము నుండి ఒక ఉత్తరువు వచ్చును. అది మండల విద్యాధికారుల గుంపున పడును. అచటినుండి కాంప్లెక్సు ప్రధానోపాధ్యాయుల గుంపునకు, అచటినుండి తక్కిన ప్రధానోపాధ్యాయుల గుంపునకు, అచటినుండి ప్రతి బడియందలి ఉపాధ్యాయుల గుంపునకు దిగును. సాయంత్రము నాలుగు గంటలలోపు వివరములు పంపవలెనని క్రింద ఒక వాక్యము. దానికి ‘నోటెడ్ సార్’, ‘ఓకే సార్’, ‘సబ్మిటెడ్ సార్’ అని వరుసగా జవాబులు. నమస్కరించు చేతుల బొమ్మలు కొన్ని. నడుమ ఒక జన్మదిన శుభాకాంక్ష, ఒక పదవీ విరమణ సన్మానపు ఛాయాచిత్రము. ఇందెచటను ప్రశ్న లేదు. ప్రశ్నయున్నను అది ‘ఏ నమూనాలో పంపవలెను?’ అనునదే. నేను ఈ పనిలో తప్పితిని, మీరెట్లు చేసితిరి యని అడిగినవాడు కానరాడు.

దీనికి మనుషుల సోమరితనము కారణము కాదు. గుంపున పైయధికారి యున్నాడు. అధికారి వినుచుండగా తన బడిలోని లోపమును చెప్పుకొనుట విన్నపమగునో, నేరాంగీకారమగునో చెప్పలేము. అధికారి సత్పురుషుడే కావచ్చును. ఐనను అతని ఉనికియే ఆ చోటును కచేరీగా మార్చును. కచేరీలో ఎవరును ముచ్చట లాడరు. ముచ్చట యను తెలంగాణపు మాటలో సమానత్వము ఇమిడియున్నది. పెద్దకు చేయునది మనవి, చిన్నకు చేయునది ఆజ్ఞ, తోడివానితో ఆడునదే ముచ్చట.

ఈ విషయమున ఇంగ్లండు అనుభవము గమనింపదగినది. అచట 2000లో, క్రొత్తగా నియమింపబడిన ప్రధానోపాధ్యాయులు ఇంచుమించు 1200 మందితో ‘టాకింగ్ హెడ్స్’ అను అంతర్జాల సమాజమును ఆరంభించిరి. అల్ట్రాల్యాబ్ అను పరిశోధన కేంద్రము దానిని నడపినది. పైవారు లోన కూర్చుండి వినుటకు బదులు, నిర్ణీత కాలమున ఒక నిపుణునో పాలకునో పిలిచి ప్రశ్నలడుగు ఏర్పాటు అందు కలదు. దానిని వారు ‘వేడి ఆసనము’ అనిరి. సంభాషణ చల్లారకుండ చూచుటకు ప్రత్యేకముగా నియమింపబడిన సంధాతలు ఉండిరి. అధికారిని ద్వారపాలకునిగా గాక అతిథిగా చేయుటలో గల వివేకమును మనము గ్రహింపవలెను. ఆ సమాజము తరువాత నాటింగ్‌హామునందలి జాతీయ పాఠశాల నాయకత్వ కళాశాలలో కలిసిపోయినది. ఆ కళాశాల 2013లో మఱియొక సంస్థలో విలీనమైనది. ఆ సంస్థయు 2018లో ముగిసినది. ప్రభుత్వపు నీడలో పెరిగినది ప్రభుత్వపు చేతితోనే పోవుననుటకు ఇదియు నిదర్శనమే. మనదేశమున 2012లో జాతీయ విద్యాప్రణాళిక, పరిపాలన విశ్వవిద్యాలయమున పాఠశాల నాయకత్వ కేంద్రము ఏర్పడినది. అంతర్జాల నాయకత్వ పాఠములను కూడ నడపినది. అది చేయగల మేలు చాల కలదు. కాని ఢిల్లీలోని కేంద్రము మెదకు ప్రధానోపాధ్యాయులకు ముచ్చట నేర్పలేదు.

ఒక ఉదాహరణమును ఊహించి చూతము. మెదకు ప్రాంతమున పత్తి ఏరు దినములలో పిల్లలు, అందును ఆడపిల్లలు, బడి మానుట తెలిసిన విషయమే. పాపన్నపేట మండలమున ఏడుపాయల వనదుర్గ జాతర మహాశివరాత్రికి జరుగును. పదవతరగతి పరీక్షలు అప్పటికి దాపుననే యుండును. ఒక ప్రధానోపాధ్యాయుడు తన గుంపున ‘పిల్లలు రావటం లేదు, ఏమి చేయాలి?’ అని వ్రాసినచో వచ్చు జవాబు ‘కౌన్సెలింగ్ చేయండి సార్’ అని. అడిగినవానికి తెలియనిది ఇందేమియు లేదు. అదే వ్యక్తి తన నోటి భాషలో ఇట్లు అడిగెననుకొందము: ‘సార్, మా ఊళ్ల పత్తి ఏరుడు షురువైతే ఏడో తరగతి ఆడపిల్లలు ఆరుగురు వారం దాకా వస్తలేరు. ఇంటింటికి పోయి చెప్పినం, రెండు రోజులు వచ్చి మళ్ల బందైన్రు. కూలి పైసలు పోతయని తల్లులు అంటున్నరు. మీ తాన ఎవరన్న బడి టైము మార్చి చూసిన్రా?’

ఈ ప్రశ్నలో నాలుగు గుణములు కలవు. ఎవరు, ఎందఱు, ఎప్పుడు అనునది తెలియుచున్నది. తాను చేసినదియు, అది విఫలమైనదియు తెలియుచున్నది. ఎదుటివారి కారణమును నిందింపక చెప్పినాడు. చివర ‘చేసి చూచినారా’ యని అనుభవమును అడిగినాడేగాని సలహాను అడుగలేదు. సలహా ఎవరైనను ఇచ్చెదరు; అనుభవమును చెప్పుటకు చేసినవాడే కావలెను. ఇట్టి ప్రశ్నకు చేగుంటనుండియో, నర్సాపురమునుండియో ఒక్క జవాబు వచ్చినను అది ఇరువది ‘నోటెడ్’లకంటె విలువైనది. ‘మేమును చేసితిమి, ఫలింపలేదు’ అను జవాబునకు సైతము విలువ కలదు. మూడవవాడు ఆ దారిన పోకుండును.

గుంపు చిన్నదిగా నుండవలెనని పై ఉదాహరణముననే తెలియుచున్నది. వేయిమంది నడుమ ఎవడును తన వైఫల్యమును చెప్పుకొనడు. ఎనమండుగురో పదిమందియో, ఒకరినొకరు ముఖతః ఎఱిగినవారు, నెలకొకమాఱైనను కాంప్లెక్సు సమావేశమునకు ముందో వెనుకనో కలిసి తేనీరు త్రాగువారు – ఇట్టివారి నడుమ అంతర్జాల సంభాషణ నిలుచును. ముఖపరిచయము లేని అంతర్జాల పరిచయము ఉపాధ్యాయలోకమున త్వరగా ఎండిపోవునని మా అభిప్రాయము.

ఐనను అందఱును దగ్గఱివారే యైనచో మఱియొక చిక్కు. మార్క్ గ్రానోవెటర్ 1973లో చెప్పిన సిద్ధాంతము ప్రకారము, గాఢమైన స్నేహముగలవారికి తెలిసినవి ఇంచుమించు ఒకే విషయములు. క్రొత్తమాట దూరపు పరిచయస్థుల వలననే వచ్చును. మెదకు మండలమున అందఱకు తెలిసిన ఉపాయము మెదకు మండలమున నెవరికిని ప్రశ్నకు జవాబు కాదు. కావున ప్రతి చిన్న పొత్తునందును బయటివారు ఇద్దఱుండవలెను: ఒకరు ఆదిలాబాదు వంటి గిరిజన ప్రాంతమునుండి, మఱియొకరు 2014 తరువాత వేరు రాష్ట్రమైన ఆంధ్రప్రదేశమునుండి యైన మేలు. రాష్ట్రములు వేరైనపుడు పాఠ్యపుస్తకములు వేరైనవి, శిక్షణలు వేరైనవి. పిల్లలు బడి మానుటకు గల కారణములు మాత్రము వేరు కాలేదు. తెలంగాణ, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరం రాష్ట్రముల ఉన్నత పాఠశాలలలో టాటా సామాజిక శాస్త్రముల సంస్థ మున్నగువారు నడపిన క్లిక్స్ పథకము ఉపాధ్యాయులను టెలిగ్రామ్ గుంపులలో కూర్చినది. యునెస్కో బహుమానము 2017 సంవత్సరమునకు దానికి లభించినది. అందును ముఖ్యులు విషయ బోధకులే. ప్రధానోపాధ్యాయుల కొఱకు అట్టి శ్రద్ధ ఇంకను జరుగవలసియున్నది.

ఇక భాష. తెలుగు శాఖ వారమైన మేము ఈ విషయమున చేయిపెట్టుటకు ముఖ్యకారణము ఇదియే. ఉత్తరువు ఆంగ్లమున వచ్చును. 2022–23 నుండి తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో ఒకటవ తరగతినుండి ఎనిమిదవ తరగతివఱకు ఆంగ్లమాధ్యమము ప్రవేశించినది. ప్రధానోపాధ్యాయుడు ఆలోచించునది తెలుగున. ఫోనున వ్రాయునది తఱచుగా ఆంగ్లలిపిలో తెలుగు. అట్లు వ్రాయుట కష్టమగుటవలన వాక్యము కుఱుచయగును; వాక్యము కుఱుచయైనచో అనుభవము దానిలో పట్టదు. ‘నోటెడ్ సార్’ అనునది వినయము వలన పుట్టిన మాట మాత్రమే కాదు, వ్రాయలేని యిబ్బంది వలన పుట్టిన మాట కూడ. యూనికోడున తెలుగులిపికి 1991 నుండియు చోటు కలదు. 2017లో గూగుల్ సంస్థ తెలుగు మాటను విని లిపిగా మార్చు సౌకర్యమును కల్పించినది. కంఠధ్వనిని నేరుగా పంపు సౌకర్యమును కలదు. మెదకు వంటి పట్టణమున ఇది మఱియు ముఖ్యము. ఉర్దూ మాధ్యమ పాఠశాలల వారు తెలుగులిపి చదువుటకు తడబడినను తెలుగు మాటను విని జవాబు చెప్పగలరు. లిపి వేరుచేసినవారిని ధ్వని కలుపుచున్నది.

ఐతే ధ్వని నిలువదు. లిపియు ఫోనులో ఎక్కువ కాలము నిలుచుట లేదు. ఫోను నిండినచో పాత సందేశములను తుడిచివేయుదురు. ఫోను మారినచో పోవును. 2021లో 61 ఏండ్లకు పెంచబడిన విరమణ వయస్సు వచ్చి మనిషి గుంపునుండి తప్పుకొన్నచో అతనితోకూడ పోవును. గోలకొండ కవుల సంచికను ఇచట తలచుకొందము. చెదరియున్న పద్యములను రప్పించి కూర్చి అచ్చొత్తించినందువలననే నేడు మనము వారి పేరులను ఎఱుగుదుము. ప్రధానోపాధ్యాయుల అనుభవములకు అట్టి కూర్పరి లేడు.

ఈ పని జిల్లా విద్యాశిక్షణ సంస్థయు, విశ్వవిద్యాలయ తెలుగు శాఖయు కలిసి చేయదగినది. నెలకొక ప్రశ్న, దానికి వచ్చిన జవాబులలో చేసి చూచినవి మాత్రము, రెండు పుటలకు మించకుండ. చెప్పినవారి నుడికారమును దిద్దకుండ, అన్వయము తప్పినచోట మాత్రము సవరించి కూర్చవలెను. భాషాపరిశోధకునకును ఇది చిన్న లాభము కాదు. పాఠశాల నిర్వహణమును గూర్చి తెలంగాణపు తెలుగున వచనము మనకు ఎంత కలదు? హాజరుపట్టీ, తనిఖీ, దస్తావేజు, మంజూరు, రుజువు వంటి ఉర్దూ మూలపు మాటలును, రిజిస్టరు, బిల్లు, ఇన్‌స్పెక్షను వంటి ఆంగ్లపు మాటలును, ‘బడి బాట పట్టించుట’ వంటి తెలుగు పలుకుబడులును ఒకే నోట ఎట్లు కలియుచున్నవో చూచుటకు ఇంతకంటె మంచి సామగ్రి దొరకదు. పరిశోధక విద్యార్థులలో ఒకరైనను దీనిని విషయముగా స్వీకరింతురని ఆశించుచున్నాము.

కొన్ని జాగ్రత్తలు చెప్పవలసియున్నవి. కూర్పులో పిల్లల పేరులు, ఛాయాచిత్రములు ఉండరాదు. ఇప్పటి గుంపులలో బడిపిల్లల ఛాయాచిత్రములు విచ్చలవిడిగా తిరుగుచున్నవి. పని జరిగినదని రుజువు చూపవలసిరావటమే దానికి కారణము. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ శాసనము పదునెనిమిదేండ్లలోపు వారి సమాచారమును వాడుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనన్నది. శాసనము లేకున్నను, బడి మానిన పిల్ల పేరు వందమంది ఫోనులలో నుండుట న్యాయము కాదు.

కాలమును గూర్చి మఱియొక మాట. సందేశములు రాత్రి తొమ్మిది దాటిన పిదపను వచ్చుచునే యుండును. ప్రధానోపాధ్యాయినులకు ఆ సమయము ఇంటిపనిది. మఱునాటి ఉదయము చూచుసరికి ముచ్చట ముగిసియుండును, వారి అనుభవము చేరకయే నిర్ణయము జరిగియుండును. కావున జవాబునకు వారము గడువుండుట ముఖ్యము. ఉత్తరువునకు సాయంత్రము నాలుగు గంటల గడువు తగునేమో, అనుభవమునకు తగదు.

ఏటి 50 గంటల లెక్కలో ఈ పొత్తును కూడ చేర్చవలెనా యని కొందఱు అడుగుదురు. ఇందు మాలో మాకే భేదాభిప్రాయము కలదు. లెక్కలో చేర్చినచో హాజరు కొఱకు వ్రాయువారు పుట్టుదురు. చేర్చనిచో శ్రద్ధగా వ్రాసినవారి శ్రమకు గుర్తింపుండదు. సంభాషణకు లెక్క వద్దు, నెలనెల కూర్పును సిద్ధపఱచిన వానికి మాత్రము ఆ గంటలు ఇచ్చిన చాలునని ప్రస్తుతమునకు మేము తలచుచున్నాము. కూర్పరి పని వంతులవారిగా తిరుగవలెను; ఈ నెల కౌడిపల్లి వారు, వచ్చు నెల రామాయంపేట వారు. మొదటి సంచికకు ప్రశ్నను వెదకుకొని పోనక్కఱలేదు. పత్తి ఏరు దినములు ఏటేట వచ్చుచునే యున్నవి.